సబ్‌డొమైన్‌కు ఏ పేరు? పని పేరు, ఊరి పేరు, తెలుగు పేరు: గోదావరి డెల్టా సంస్థలకు ఒక పోలిక

భీమవరంలో రొయ్యల మేత అమ్మే సంస్థకైనా, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టించి ఊరూరికీ పంపే దుకాణానికైనా, అమలాపురంలో నడిచే కళాశాలకైనా సొంత డొమైన్ కొనుక్కోవడం ఇప్పుడు పెద్ద పని కాదు. చిక్కంతా ఆ తరువాత వస్తుంది. ఆర్డర్లకు ఒకటి, బిల్లులకు ఒకటి, మెయిల్‌కు ఒకటి, బ్రాంచీలకు తలా ఒకటి కావాలన్నప్పుడు, అసలు పేరుకు ముందు చుక్క పెట్టి చేర్చే ఆ చిన్న పేరు, అంటే సబ్‌డొమైన్, ఎలా ఉండాలన్న ప్రశ్న ఎదురవుతుంది. వెబ్‌సైటు చేసే కుర్రవాడు "ఏం పేరు పెట్టమంటారండీ?" అని అడిగిన నిమిషంలో నోటికి వచ్చిన మాట చెప్పేయడం మామూలే. ఆ మాట కాస్తా విజిటింగ్ కార్డుల మీదికీ, బిల్లు పుస్తకాల మీదికీ, వాట్సాప్ గ్రూపుల్లోకీ ఎక్కిపోయాక మార్చాలంటే మాత్రం తల ప్రాణం తోకకు వస్తుంది.

ఈ వ్యాసంలో పేర్లన్నీ తెలుగు లిపిలోనే చూపుతున్నాను. తెలుగు పేరు గురించి విడిగా చెప్పినచోట తప్ప, వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేస్తారని అనుకోండి. "సంస్థ.ఇన్" అన్నచోట మీ సొంత డొమైన్‌ను ఊహించుకోండి.

## అసలు సబ్‌డొమైన్ అవసరమా?

అన్నిటికీ అవసరం లేదు. ఒకే సర్వర్ మీద, ఒకే సాఫ్ట్‌వేర్‌తో, ఒకే మనిషి చూసుకునే పేజీలైతే సంస్థ.ఇన్/ఆర్డర్స్ అన్నట్టు ఏటవాలు గీత తరువాత రాసే దారి చాలు. దానికి వేరే డీఎన్‌ఎస్ రికార్డూ (పేరుకు ఏ సర్వరో చూపే ఇంటర్నెట్ చిరునామా పుస్తకంలోని పద్దు), వేరే సర్టిఫికెట్టూ (సైటు ఆ పేరుదేనని బ్రౌజర్‌కు చూపే గుర్తింపు పత్రం) అక్కర్లేదు. ఆర్డర్లు ఒక కంపెనీ సర్వర్‌లోనూ, బిల్లులు మరొక కంపెనీ క్లౌడ్‌లోనూ నడుస్తున్నప్పుడు సబ్‌డొమైన్ తేలికైన మార్గం. డీఎన్‌ఎస్ పేరును బట్టి సర్వర్‌ను చూపగలదు గాని, గీతకు అవతల ఏముందో దానికి తెలియనే తెలియదు. గూగుల్ వెతుకులాటలో ఒకటి మరొకదానికన్నా మెరుగన్న వాదన తరచుగా వినిపిస్తుంది. గూగుల్ మాత్రం రెండింటినీ చూడగలమనీ, నిర్వహణకు ఏది వీలైతే అది వాడుకోమనీ చెబుతూ వచ్చింది. కాబట్టి దాన్ని బట్టి నిర్ణయించుకోవలసిన పని లేదు.

సంక్రాంతి ఆఫర్లకు ఏటా ఒక సబ్‌డొమైన్ పెట్టే అలవాటు కొందరికి ఉంది. పండగ మూడు రోజులు, రికార్డు మూడేళ్లు. అలాంటివన్నీ గీత తరువాతి దారిలో పెట్టుకోవడమే మేలు. ఇక వ్యాపారం వేరే భాగస్వాములతో నడిచేదో, రేపు అమ్మేయవలసినదో అయితే సబ్‌డొమైన్ కన్నా వేరే డొమైన్ కొనుక్కోవాలి. సబ్‌డొమైన్‌ను విడగొట్టి మరొకరి పేర రాసివ్వడం కుదరదు.

## నియమాలు ఎక్కడివి, ఎంతవరకు?

అసలు డొమైన్‌ను నమోదు చేసుకునేటప్పుడు ఆ కోవ పేర్ల పట్టికను నడిపే సంస్థ, అంటే రిజిస్ట్రీ, పెట్టిన విధానాలు వర్తిస్తాయి. డాట్ ఇన్ పేర్లకు ఆ బాధ్యత నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా) అనే సంస్థది. ఆ పేరు చేతికి వచ్చాక దానికి ఎడమవైపున ఏం చేర్చుకున్నా ఎవరినీ అడగనక్కరలేదు, రుసుమూ లేదు. ధవళేశ్వరం దగ్గర నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకు నీరు వదలడం ఒకరి బాధ్యత అయినా, బోదె తూము దాటాక ఏ మడికి ముందు పెట్టుకోవాలన్నది రైతు ఇష్టమైనట్టే ఇదీ. అయితే ఈ ఇష్టానికి కొన్ని హద్దులున్నాయి. వాటిని గీసినవి ఆర్‌ఎఫ్‌సీలు అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు.

మూలమైనవి 1987 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035. వీటి ప్రకారం చుక్కకూ చుక్కకూ మధ్య ఉండే ముక్కను లేబుల్ అంటారు. అది 63 బైట్లు మించకూడదు. మొత్తం పేరు 255 బైట్లకు లోబడాలి, అంటే మనం రాసుకునే రూపంలో చుక్కలతో కలిపి 253 అక్షరాలు. సర్వర్‌కు పెట్టే పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే ఉండాలి. హైఫన్ మొదట్లోనూ చివరా రాకూడదు. 1985 నాటి ఆర్‌ఎఫ్‌సీ 952 పేరు తప్పనిసరిగా అక్షరంతోనే మొదలవ్వాలంది. 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1123 ఆ పట్టు సడలించి అంకెతో మొదలుపెట్టడానికీ ఒప్పుకుంది. పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా లేదు, కాబట్టి కార్డు మీద ఎలా అచ్చు వేయించినా ఒకటే. లేబుల్‌లో మూడు, నాలుగు స్థానాలు రెండింటిలోనూ హైఫన్లు వరసగా పెట్టకూడదు. ఆ జాగా ఇతర భాషల పేర్లను సంకేతంగా మార్చినప్పుడు వచ్చే ముందుముక్కకు కేటాయించారు.

అండర్‌స్కోర్ దగ్గర చాలామంది పొరబడతారు. డీఎన్‌ఎస్ వ్యవస్థ ఏ బైటునైనా లేబుల్‌లో మోయగలదని 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2181 స్పష్టంగా చెప్పింది. అందుకే హోస్టింగ్ ప్యానెల్‌లో చెరువు_3 అని కొడితే అది మాట్లాడకుండా తీసుకుంటుంది. డీఎన్‌ఎస్ మోయగలగడం వేరు, సర్వర్ పేరుగా చెల్లడం వేరు. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లు డీమార్క్, డీకిమ్ వంటి మెయిల్ భద్రతా రికార్డుల కోసం ప్రత్యేకించినవి. 2019 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8552 వాటికి ఒక జాబితానే ఏర్పరచింది. పైగా అదే 2019 నుంచి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు అండర్‌స్కోర్ ఉన్న సర్వర్ పేరుకు సర్టిఫికెట్ ఇవ్వడం మానుకున్నాయి. చెరువు గట్టు మీద ఏరేటర్‌కు తగిలించిన పరికరాల పేర్లు తరచుగా ఈ అండర్‌స్కోర్లతోనే వస్తాయి గనుక, వాటికి డీఎన్‌ఎస్ పేరు ఇచ్చేటప్పుడు హైఫన్‌కు మార్చుకోవాలి. ప్యానెల్ ఒప్పుకుంది కదా అన్నది ఇక్కడ చెల్లే సాక్ష్యం కాదు.

## దేన్ని బట్టి పోల్చాలి?

నియమాలు ఏది కుదరదో చెబుతాయి గాని, ఏది మంచిదో చెప్పవు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందుది మన్నిక: అయిదేళ్ల తరువాత కూడా ఆ పేరు నిజం చెబుతుందా? రెండోది ఫోన్‌లో చెబితే అవతలివారు తప్పు లేకుండా రాసుకోగలగడం. డెల్టాలో వ్యాపారం సగం ఫోన్ మీదే నడుస్తుంది. "మధ్యలో డ్యాష్ అండి" అంటే, "డ్యాష్ అంటే కింద గీతాండీ, మజ్జిలో గీతాండీ?" అని అడుగుతారు, "ఆయ్, మజ్జిలోదేనండి" అని చెప్పాక కూడా సగంమంది అదేమీ లేకుండానే కొడతారు.

మూడోది సర్టిఫికెట్. నక్షత్రం గుర్తుతో ఉండే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ ఒక్క మెట్టుకే పనిచేస్తుంది. సంస్థ.ఇన్ కోసం తీసుకున్నది ఆర్డర్స్.సంస్థ.ఇన్‌కు చెల్లుతుంది; భీమవరం.ఆర్డర్స్.సంస్థ.ఇన్‌కు చెల్లదు, ఉత్త సంస్థ.ఇన్‌కు కూడా దాన్ని విడిగా చేర్పించకపోతే చెల్లదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2018 నుంచి వీటిని ఉచితంగానే ఇస్తోంది గాని, అందుకు డీఎన్‌ఎస్‌లో ఒక రికార్డు పెట్టి డొమైన్ మనదేనని నిరూపించుకోవాలి.

నాలుగోది చాలామందికి తట్టని సంగతి. ప్రజా సర్టిఫికెట్ ఏది జారీ అయినా అందులోని పేరు అందరూ వెతుక్కోగల లాగ్‌లలో చేరుతుంది. ఈ ఏర్పాటుకు మూలం 2013 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6962. పాత-అకౌంట్స్, టెస్ట్-పేరోల్ లాంటి పేర్లు పెట్టి ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదనుకోవడం భ్రమ. పేరు దాచుకోవాలంటే వైల్డ్‌కార్డ్ తీసుకోవాలి, లేదా పేరులోనే ఏమీ చెప్పకూడదు. మొదటిదే నయం, అయినా పాస్‌వర్డ్ చేయవలసిన పనిని పేరుకు అప్పగించకూడదు.

వీటిలో మొదటి మూడింటితో ఎంపికలను తూచితే స్థూలంగా ఇలా తేలుతుంది.

| పేరు తీరు | మన్నిక | ఫోన్‌లో చెప్పడం | సర్టిఫికెట్ |
|---|---|---|---|
| పని పేరు: ఆర్డర్స్ | బాగా ఎక్కువ | తేలిక | ఒక్క వైల్డ్‌కార్డ్ చాలు |
| ఊరి పేరు: భీమవరం | మధ్యస్థం | స్పెల్లింగ్ తగాదా | ఒక్కటి చాలు |
| జిల్లా పేరు | తక్కువ | పొడవు | ఒక్కటి చాలు |
| ఊరు, పని హైఫన్‌తో | మధ్యస్థం | డ్యాష్ తంటా | ఒక్కటి చాలు |
| ఊరు, పని రెండు మెట్లుగా | మధ్యస్థం | తికమక | ప్రతి మెట్టుకూ వేరే |
| తెలుగు లిపి | పనిని బట్టి | చెప్పడం తేలిక, టైప్ చేయడం కాదు | ఒక్కటి చాలు |
| సాఫ్ట్‌వేర్, సంవత్సరం | అతి తక్కువ | ఫర్వాలేదు | ఒక్కటి చాలు |

## పని పేరు

ఆర్డర్స్, బిల్స్, మెయిల్, హెల్ప్ వంటివి చూడటానికి చప్పగా ఉంటాయి. అదే వాటి బలం. సాఫ్ట్‌వేర్ మారినా, సర్వర్ మారినా, ఆఫీసు తణుకు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లినా ఆర్డర్ తీసుకోవడం మానం కదా. అవి ఇంగ్లీషు మాటలైనా అందరి నోళ్లలోనూ నలిగినవే, స్పెల్లింగ్ మీద తగాదా రాదు. వీటిలో రెండే జాగ్రత్తలు. కొన్ని పేర్లకు ముందే పని కేటాయించి ఉంది: ఎంటీఏ-ఎస్‌టీఎస్ అన్న లేబుల్‌ను 2018 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8461 మెయిల్ భద్రతకు వాడుతుంది, ఆటోడిస్కవర్, ఆటోకాన్ఫిగ్ అన్నవి మెయిల్ యాప్‌లు తమంతట తామే వెతుక్కునే పేర్లు, డబ్ల్యుపీఏడీ అన్నదాన్ని కొన్ని కంప్యూటర్లు ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) వివరాల కోసం అడుగుతాయి. వీటిని వేరే పనికి వాడకూడదు. రెండోది ఏకవచనమా బహువచనమా అన్నది. ఆర్డర్, ఆర్డర్స్ రెండూ పెట్టి ఒకదాన్ని రెండోదానికి మళ్లిస్తే ఆ గొడవ తీరిపోతుంది.

## ఊరి పేరు, జిల్లా పేరు

బ్రాంచీలున్న సంస్థకు ఊరి పేరు పెట్టాలనిపించడం సహజం. జిల్లా పేరు మాత్రం పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు అమలాపురం తూర్పు గోదావరి నుంచి వేరుపడి కొత్త కోనసీమ జిల్లాకు కేంద్రమైంది. గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి వచ్చింది. ఈస్ట్.సంస్థ.ఇన్ అని అంతకుముందు పెట్టుకున్నవారి పేరు ఒక్క రోజులో అబద్ధమైంది. కోనసీమ జిల్లా పేరు కూడా అదే ఏడాది డాక్టర్ బీఆర్ అంబేద్కర్ కోనసీమ అయింది. ఇవన్నీ సబబైనవా కావా అన్నది వేరే చర్చ; వెబ్ చిరునామాను వీటికి కట్టిపడేయడం మాత్రం సబబు కాదు.

ఊరి పేరు దానికన్నా స్థిరం, అయినా పూర్తిగా కాదు. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. అయితే రైల్వే స్టేషన్ కోడు ఆర్‌జేవై అలాగే ఉంది. కాకినాడ టౌన్ కోడు సీసీటీ; ఇంగ్లీషువాళ్లు కోకనాడ అన్న కాలం నాటిది. అర్థం చెప్పని పొట్టి గుర్తు, అర్థం చెప్పే పూర్తి పేరుకన్నా ఎక్కువ కాలం బతుకుతుందనడానికి ఇవి మంచి ఉదాహరణలు. భీమవరం జంక్షన్‌కు బీవీఆర్‌ఎం అన్న కోడు మనవాళ్లకు టికెట్ల మీద చూసి అలవాటే. బ్రాంచి సబ్‌డొమైన్‌కు అది హాయిగా సరిపోతుంది. నరసాపురం దగ్గర మాత్రం చిన్న తమాషా ఉంది. ఆ స్టేషన్ కోడు ఎన్‌ఎస్. డీఎన్‌ఎస్‌లో ఎన్‌ఎస్ అంటే నేమ్ సర్వర్, డొమైన్ పేర్ల పట్టికను ఉంచే యంత్రం. ఆ పేరుతో లేబుల్ పెట్టకూడదన్న నియమం లేకపోయినా, మీ తరువాత వచ్చే సాంకేతిక నిపుణుడు దాన్ని నేమ్ సర్వర్ అనుకోవడం ఖాయం. అక్కడ ఇంకో రెండు అక్షరాలు కలుపుకోండి.

పూర్తి పేరే కావాలంటే స్పెల్లింగ్ చిక్కుకు సిద్ధపడాలి. పూతరేకులనే తీసుకోండి. మొదటి అచ్చును కొందరు యు తో, కొందరు రెండు ఓ లతో రాస్తారు. త ను కొందరు ఒక్క టి తో, కొందరు టి, హెచ్ కలిపి రాస్తారు. ఈ రెండు తేడాలకే నాలుగు స్పెల్లింగులు. పూతరేకు అని ఏకవచనం కూడా లెక్కిస్తే ఎనిమిది. అసలు డొమైన్‌లో ఈ మాట ఉంటే ఒకటో రెండో అదనపు పేర్లు కొని పెట్టుకోవచ్చు. సబ్‌డొమైన్‌లో మాత్రం షాప్ అని ఊరుకోవడం మంచిది. స్పెల్లింగ్ రెండు రకాలుగా ఉండే పేర్లు యంత్రాలకు పెట్టవద్దని 1990లోనే ఆర్‌ఎఫ్‌సీ 1178 చెప్పింది; అదే పత్రం సొంత పేర్లూ, తాత్కాలికమైన ప్రాజెక్టు పేర్లూ వద్దంది. నియమం కాదు, సలహా పత్రం, ఇప్పటికీ పాతబడలేదు.

## రెండు మెట్లా, హైఫనా?

బ్రాంచీలూ పనులూ రెండూ ఎక్కువైనప్పుడు ఈ ప్రశ్న వస్తుంది: ఆర్డర్స్.బీవీఆర్‌ఎం.సంస్థ.ఇన్ అనాలా, బీవీఆర్‌ఎం-ఆర్డర్స్.సంస్థ.ఇన్ అనాలా? ఒకే ఆఫీసు అన్నీ చూసుకుంటుంటే హైఫన్. ఒక్క సర్టిఫికెట్‌తో పోతుంది, చుక్కలు తగ్గుతాయి. భీమవరం బ్రాంచికి సొంతంగా కంప్యూటర్ మనిషి ఉండి, వారి పేర్లు వారే పెట్టుకోవాలంటే రెండు మెట్లు నయం. అప్పుడు బీవీఆర్‌ఎం అన్న మెట్టు దగ్గర నేమ్ సర్వర్ రికార్డులు పెట్టి ఆ కింది భాగమంతా వారి డీఎన్‌ఎస్‌కు అప్పగించవచ్చు. మీ పట్టికలో వారు వేలు పెట్టనక్కరలేదు, వారి పట్టికలో మీరూ. హైఫన్ పేర్లలో ఈ వీలు లేదు, ఒక్కొక్క పేరునూ విడివిడిగా అప్పగించుకోవలసిందే. డెల్టాలో నేను చూసిన చిన్న సంస్థల్లో ఇంత అవసరం ఉన్నవి అరుదు. లేని అవసరానికి మెట్లు కట్టవద్దు.

## తెలుగు లిపిలో పేరు

మనసుకు దగ్గరైనదీ, జాగ్రత్త ఎక్కువ కావలసినదీ ఇదే. తెలుగు లిపిలో డాట్ భారత్ 2011లోనే ఇంటర్నెట్ మూల పట్టికలో చేరింది. అయితే తెలుగు సబ్‌డొమైన్ కోసం దాన్ని కొనక్కర్లేదు. మీ డాట్ ఇన్ పేరుకు ముందే పూతరేకులు అని తెలుగులో పెట్టుకోవచ్చు. ఒక్కొక్క లేబుల్ ఒకే లిపిలో ఉన్నంతవరకు, పక్క లేబుల్ వేరే లిపిలో ఉండటం తప్పు కాదు. ఒకే లేబుల్‌లో లిపులు కలిపితే మాత్రం బ్రౌజర్లు అనుమానిస్తాయి. తెలుగు ర కూ కన్నడ ర కూ కంటికి తేడా తెలియదు గనుక ఆ అనుమానం న్యాయమైనదే.

లోపల జరిగేది ఇది: డీఎన్‌ఎస్‌కు తెలుగు నేరుగా వెళ్లదు. 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3492గా వచ్చిన ప్యూనీకోడ్ పద్ధతిలో పేరును ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి, ముందు ఎక్స్, ఎన్, రెండు హైఫన్లు తగిలిస్తారు. 63 బైట్ల హద్దు ఈ మారిన రూపానికి వర్తిస్తుంది. పూతరేకులు అన్నది కంటికి అయిదక్షరాలు. యూనికోడ్‌లో గుణింతాలు విడిగా లెక్కకొస్తాయి గనుక తొమ్మిది. ఇలాంటి మాటలకు హద్దు అడ్డం రాదు. సంస్థ పూర్తి పేరు, ఊరు, మండలం అన్నీ ఒకే లేబుల్‌లో కూరితే మాత్రం తొందరగా నిండిపోతుంది.

అసలు గోతి కనిపించని చోట ఉంది. ఆర్డర్లు అన్న మాటను కొందరు ర్ల కలిపి రాస్తారు. కొందరు ర్ దగ్గర పొల్లు నిలిపి ఆర్డర్‌లు అని రాస్తారు. పొల్లును అలా నిలపడానికి కీబోర్డు మధ్యలో వెడల్పు లేని ఒక అక్షరాన్ని చొప్పిస్తుంది. అది కంటికి కనబడదు. ఆ అక్షరాన్ని 2003 నాటి నియమాలు తీసిపారేసేవి, కాబట్టి రెండు రూపాలూ ఒకే పేరయ్యేవి. 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5890, దాని తోటి పత్రాలు తెచ్చిన కొత్త నియమాలు పొల్లు తరువాత దాన్ని అనుమతించాయి. అంటే ఇప్పుడవి రెండు వేర్వేరు పేర్లు. పాత సాఫ్ట్‌వేర్ ఒకచోటికి, కొత్తది మరొకచోటికి తీసుకుపోగలదు. సాఫ్ట్‌వేర్, బుక్‌షాప్ వంటి మాటలన్నిటికీ ఇదే ఇబ్బంది. నివారణ ఒకటే: తెలుగు లేబుల్‌కు పొల్లు నిలవని మాట ఎంచుకోండి. కోనసీమ, కొబ్బరి, పూతరేకులు, చేనేత లాంటివి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. అంబాజీపేటలో సున్నాకు బదులు ఎవరైనా మకారం కొడితే అదీ వేరే పేరే, కాని ఇవాళ అలా రాసేవారు లేరు.

ఇంకా కొన్ని ఇబ్బందులున్నాయి. బ్రౌజర్ నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే చాలాసార్లు ఎక్స్‌ఎన్‌తో మొదలయ్యే రూపమే పడుతుంది. చూసినవారు మోసపు లింకు అనుకుని వదిలేస్తారు. తెలుగు మెయిల్ చిరునామాలకు 2012 నుంచే ఆర్‌ఎఫ్‌సీ 6531 ఉన్నా, అన్ని మెయిల్ సేవలూ వాటిని తీసుకోవు. అందుకని తెలుగు పేరును బోర్డు మీద, అట్టపెట్టె మీద అచ్చువేసే ప్రవేశద్వారంగా వాడి, దాన్ని ఇంగ్లీషు అక్షరాల పేరుకు మళ్లించడమే ప్రస్తుతానికి నేను చెప్పే సలహా. తెలుగు పేరు ఒక్కదాని మీదే బిల్లింగు నడపడం తొందరపాటు అవుతుంది.

## సాఫ్ట్‌వేర్ పేరు, సంవత్సరం

వాడే సాఫ్ట్‌వేర్ పేరే సబ్‌డొమైన్‌కు పెడితే, అది మారాక పేరు మిగిలిపోతుంది. పైగా లోపల ఏది నడుస్తోందో దొంగకు ముందే చెప్పినట్టవుతుంది. సంవత్సరం గురించి చెప్పేదేముంది, అచ్చువేసిన రోజు నుంచే పాతబడుతుంది.

## ఎవరికి ఏది?

ఒక్క దుకాణం ఉండి, స్వీట్లో లేసులో ఉప్పాడ చీరలో బయటి ఊళ్లకు పంపేవారికి షాప్ అన్న ఒక్క సబ్‌డొమైన్, దానికి మళ్లించే తెలుగు పేరు ఒకటి చాలు. దుకాణం పేజీ వేరే కంపెనీ నడుపుతుంటే ఆ సబ్‌డొమైన్‌కు సీనేమ్ రికార్డు, అంటే ఈ పేరు ఫలానా పేరుకు మారుపేరు అని చెప్పే పద్దు, పెట్టమంటారు. సీనేమ్ ఉన్న పేరు మీద మరే ఇతర రికార్డూ ఉండకూడదన్నది ఆర్‌ఎఫ్‌సీ 1034 నుంచి ఉన్న నియమం. కాబట్టి అదే షాప్ పేరుతో మెయిల్ కూడా కావాలంటే కుదరదు. మెయిల్ అసలు డొమైన్ మీదే ఉంచుకోండి.

మేత, మందులు అమ్మే డీలరుకు నాలుగైదు ఊళ్లలో గోదాములుంటే ఆర్డర్స్, బిల్స్ అందరికీ ఉమ్మడిగా పెట్టి, ఏ గోదామన్నది లాగిన్ అయ్యాక తేల్చడం మంచిది. రైతు తన గోదాము ఏ సబ్‌డొమైనో గుర్తుపెట్టుకోవాలనడం అన్యాయం. గోదాముల్లోని కెమెరాలకూ, తూకం యంత్రాలకూ మాత్రం స్టేషన్ కోడు, హైఫన్, వరస సంఖ్య చొప్పున పెట్టుకోవచ్చు; అవి మనుషులు చదివేవి కావు, ఫోన్‌లో చెప్పేవీ కావు. వాటిలో కొన్ని విండోస్ కంప్యూటర్లయితే పేరు 15 అక్షరాలు దాటనివ్వకండి. నెట్‌వర్కులో కంప్యూటర్లకు పేర్లు పెట్టే పాత పద్ధతి నెట్‌బయోస్ హద్దు ఇంకా అక్కడ ఉంది.

కళాశాలల సంగతి వేరు. శాఖలు స్వతంత్రంగా ఉంటాయి, విద్యార్థులు ప్రాజెక్టు పేరుతో ఏవేవో పేజీలు పెడతారు. ఇక్కడ రెండు మెట్లు సమంజసం. ఒక ప్రమాదం మాత్రం చూసుకోవాలి: లాగిన్ కుకీని (లోపలికి వచ్చినవారిని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు) అసలు డొమైన్ పేర జారీ చేస్తే, దాని కింద ఉన్న ప్రతి సబ్‌డొమైన్‌కూ బ్రౌజర్ దాన్ని పంపుతుంది. విద్యార్థి పేజీకి ఫీజుల లాగిన్ కుకీ అందడం ఎవరూ కోరుకోరు. కుకీని ఫీజుల సర్వర్ పేరుకే పరిమితం చేయమని సాఫ్ట్‌వేర్ రాసినవారిని అడగండి, లేదా విద్యార్థుల పేజీలకు పూర్తిగా వేరే డొమైన్ కొనండి. రెండోదే నాకు నమ్మకం. అభ్యాసం కోసం ఊహా పేర్లు వాడుకోవాలంటే డాట్ టెస్ట్, డాట్ ఎగ్జాంపుల్ అన్నవాటిని 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2606 అందుకోసమే విడిచిపెట్టింది.

బయటి కంపెనీకి పని అప్పగించినవారు ఎవరైనా సరే, ఒప్పందం ముగిసిన రోజే సీనేమ్ రికార్డు తీసేయాలి. కంపెనీ వైపు మీ ఖాతా మూతపడినా మీ డీఎన్‌ఎస్‌లో రికార్డు అలాగే ఉంటే, కొన్ని సేవల్లో మరెవరైనా అదే పేరును తమ ఖాతాలో కోరి తీసుకోగలరు. అప్పుడు మీ సంస్థ పేరు మీద వారి పేజీ తెరుచుకుంటుంది, కొన్నిసార్లు దానికి చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ కూడా వారికి దొరుకుతుంది. ఇందుకోసం ఏ సబ్‌డొమైన్ ఎవరికి చూపుతోంది, ఎవరు పెట్టించారు, ఎప్పటిదాకా అన్నది లెక్కల పుస్తకం ఉన్న బీరువాలోనే ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, వెబ్‌సైటు చేసిన కుర్రవాడు హైదరాబాదు వెళ్లిపోయినా పని ఆగదు.